చేతులకు కళ్ళెం

ముందు గది, కంప్యూటర్ బల్ల దగ్గర నుంచి

అన్నయ్యా,

కుశల ప్రశ్నలు వేసే ఓపిక లేదు. నువ్వు బాగానే ఉంటావు. నీకేం, ఆ లోయలో సెల్‌ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు. మీ పెద్ద పెద్ద డిష్‌లు నక్షత్రాల చప్పుడు వినాలి కాబట్టి మనుషులెవరూ ఏ యంత్రంతోనూ అలికిడి చేయకూడదు. వారానికోసారి జీపులో వచ్చే ఉత్తరాలు తప్ప నిన్ను కదిలించేవి లేవు. మీ ఆఫీసులో ఉన్న ఆ ఒక్క వైరు ఫోనూ మీ పెద్దసారు బల్ల మీద ఉంటుందన్నావు. నేను తిట్టే తిట్లు ఆయన వినక్కర్లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నువ్వు వెళ్ళేముందు మా కంప్యూటర్లో ఒక కాపలాదారుని కూర్చోబెట్టి వెళ్ళావు, గుర్తుందా? ఏ ప్రోగ్రాముకి ఎంత ఇంటర్నెట్ ఇవ్వాలో పంచే సాఫ్ట్‌వేర్. "కంప్యూటర్ ఒకటే, లైనూ ఒకటే. మీ మొగుడూ పెళ్ళాల తగువు తీర్చడం నా వల్ల కాదు, ఇది తీరుస్తుంది" అన్నావు. నా వీడియో కాల్‌కి ముందు పీట, మీ బావ తన ఖాతాదారులకి పంపే పెళ్ళి వీడియోలకి మిగిలింది. అలా అనుకునే కదా పెట్టించుకున్నాం!

ఇప్పుడు నా మీద ఫిర్యాదులొస్తున్నాయి. నేను కాల్‌లో సైగలు చేస్తుంటే మధ్యమధ్యలో బొమ్మ ఆగిపోతోందట. నా తెర మీద మాత్రం అవతలివాళ్ళు చక్కగా కనిపిస్తారు, కళ్ళార్పడం కూడా తెలుస్తుంది. వాళ్ళ తెర మీద నేనే చేతులు గాల్లో పెట్టి దిష్టిబొమ్మలా నిలబడిపోతున్నానట. గొంతు మాత్రం ఎక్కడా తెగదు. అందువల్ల డాక్టర్లకి ఏమీ తేడా తెలియదు. వినపడని వాళ్ళకే అర్థం కాదు. సైగల దుబాసీకి చేతులు ఆగిపోతే ఇంకేం మిగిలింది చెప్పు? ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఇంటి నుంచి పని చేయనివ్వనని మా మేడమ్ తేల్చి చెప్పేసింది.

మీ బావని అడిగితే, "మన వీధిలో లైనే అంత. నువ్వు మాత్రం ఎన్నాళ్ళని తల బాదుకుంటావు? కొన్నాళ్ళు మానేయరాదూ" అన్నారు. పాపం, నా అవస్థ చూడలేక అన్నారు.

ఆ సాఫ్ట్‌వేర్ తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతోంది. అదేదో రాసి పంపు. వెంటనే.

నీ చెల్లెలు


సిబ్బంది గదులు, డిష్‌ల లోయ

ముక్కు మీద కోపం గారికి,

ఉత్తరం విప్పుతుంటేనే వేళ్ళు చురుక్కుమన్నాయి. ఇక్కడ సెల్‌ఫోన్లే నిషేధం కానీ నీ కోపాన్ని ఆపే చట్టం ఇంకా రాలేదు. మొన్న వంటమనిషి గుట్టుచప్పుడు కాకుండా మైక్రోవేవ్ తెచ్చి పెట్టుకున్నాడు. ఏదో కొత్త నక్షత్రం దొరికిందని మా శాస్త్రవేత్తలు వారమంతా చంకలు గుద్దుకున్నారు. తీరా చూస్తే వంకాయ కూర వేడి చేస్తున్నాడు! మా పెద్దసారు ముఖం నువ్వు చూడాల్సింది.

సరే, నీ సంగతి. ముందు ఇంటర్నెట్ పెట్టెని ఆ మూల నుంచి తీసి కిటికీ దగ్గర పెట్టు. పెట్టెకీ కంప్యూటర్‌కీ మధ్య వైరు పాతదైపోయి ఉంటుంది, కొత్తది వేయించు. ముందు గదిలో ఇనప బీరువా ఉందిగా, దాన్ని లోపలి గదిలోకి జరిపించు. ఇనుము సిగ్నల్‌ని మింగేస్తుంది. అప్పటికీ కుదరకపోతే కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి దులిపెయ్యి. ఆ విద్య నీకు ఒకరు నేర్పాలా?

ఆ సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోకు. నేను సరిగ్గానే పెట్టాను. తెలియక ఏదైనా నొక్కితే ఇద్దరి పనీ పాడవుతుంది.

బావని ఏమీ అనకు. ఆయన అసలే పెళ్ళిళ్ళ సీజన్ ఒత్తిడిలో ఉన్నాడు. ఇంట్లో ఇద్దరూ ఒకేసారి మండిపడితే ఆర్పేవాళ్ళు ఉండరు.

అన్నయ్య


ముందు గది

అన్నయ్యా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. పెట్టె కిటికీ దగ్గరికి చేరింది. కొత్త వైరు వచ్చింది. బీరువా లోపలి గదిలోకి జరిగింది. ఒక పక్క నేను, ఒక పక్క మీ బావ పట్టుకున్నాం. ఆయనకి నడుం పట్టేసింది, నాకు మోచెయ్యి దోక్కుపోయింది. కంపెనీ నుంచి ఒకతను వచ్చి, గోడలు తట్టి చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఇంత చేసినా నా బొమ్మ ఆగిపోతూనే ఉంది.

నీ వంటమనిషి కథ చదివి నవ్వుకునే పరిస్థితిలో లేను. జరిగింది చెప్తాను, విను.

నా దగ్గరికి ఎప్పుడూ వచ్చే ఒక అమ్మాయి ఉంది. కుట్టు కేంద్రంలో పని చేస్తుంది. పుట్టుకతో వినపడదు. వాళ్ళలో వాళ్ళు ఒకరినొకరు సైగ పేర్లతో పిలుచుకుంటారు. ఆమె పేరు బుగ్గ మీద వేలితో ఒక చిన్న పొడుపు, సొట్టబుగ్గ అన్నమాట. ఇప్పుడు కడుపుతో ఉంది. నెలనెలా డాక్టరుతో వీడియోలో మాట్లాడుతుంది. ముగ్గురం మూడు చోట్ల ఉంటాం. డాక్టరమ్మ మాట నా చెవిలో, నా చేతులు సొట్టబుగ్గ తెర మీద.

పోయిన కాల్‌లో డాక్టరమ్మ, "రక్తపోటుకి ఇప్పుడు వాడుతున్న మాత్ర మానేయండి. కొత్తది మందుల షాపుకి రాసి పంపుతున్నాను, ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి" అంది. నేను రెండూ చెప్పాను. సొట్టబుగ్గ తల ఊపింది. ఆ తల ఊపడం నా కళ్ళారా చూశాను. కానీ ఆమెకి చేరింది మొదటి ముక్కే. పాతది మానేసింది. కొత్తది ఒకటుందనే తెలియదు. మందు షాపులోనే ఉండిపోయింది. కొన్నాళ్ళకి కుట్టు మిషను మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చారు. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికే ఉన్నారు, కానీ కాన్పయ్యేదాకా మంచం దిగకూడదట.

ఆ కాల్ మొత్తం రికార్డయి ఉంది. మా మేడమ్ పిలిచి చూపించింది. తెర మీద నేను "మానేయండి" అని చేతులు దించబోతూ అలాగే ఆగిపోయి ఉన్నాను. గొంతు మాత్రం పక్కన స్పష్టంగా వినిపిస్తోంది. ఆ బొమ్మ చూస్తుంటే నా గొంతు నేనే పిసుక్కోవాలనిపించింది. విచారణ అయ్యేదాకా నాకు కాల్స్ ఇవ్వరు. తప్పు నాదని తేలితే దుబాసీగా నా పేరు కొట్టేస్తారు. తర్వాత ఎక్కడా ఈ పని దొరకదు.

సలహాలు చాలు. పాస్‌వర్డ్ పంపు.

చెల్లెలు


డిష్‌ల లోయ

చెల్లీ,

ఆ అమ్మాయి ఎలా ఉంది? చదివాక అన్నం సహించలేదు.

పాస్‌వర్డ్ ఇదీ: చిన్నప్పుడు మన వెంట పడి తిరిగిన కుక్క పేరు, దాని పక్కన నువ్వు పుట్టిన సంవత్సరం. మధ్యలో ఖాళీ వద్దు.

పని చేస్తే సరే. చేయకపోతే నాకు రాయి. తొందరపడి ఎవర్నీ ఏమీ అనకు.

అన్నయ్య


ముందు గది

అన్నయ్యా,

పని చేయలేదు.

కుక్క పేరు కొట్టాను, సంవత్సరం కొట్టాను. తప్పు అంది. మళ్ళీ కొట్టాను. తప్పు అంది. మీ బావని అడిగితే, "మీ అన్నయ్య మర్చిపోయుంటాడు. ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టేవాడికి ఇవన్నీ ఎక్కడ గుర్తుంటాయి" అని నవ్వారు. నువ్వు మర్చిపోవు. నేను చిన్నప్పుడు నీ సైకిల్ బెల్లు విరగ్గొట్టింది ఏ వీధి మలుపులోనో ఇప్పటికీ చెప్పగలవు.

విచారణ కోసమని మా మేడమ్ ఒక టెక్నీషియన్‌ని పంపింది. అతను తన యంత్రాలు తగిలించి అటూ ఇటూ చూశాడు. "మీ లైనుకేమీ రోగం లేదమ్మా, గుర్రంలా ఉంది. ఇతర ప్రోగ్రాములన్నీ హాయిగా పరిగెడుతున్నాయి. మీ వీడియో కాల్ ఒక్కదానికే, అది కూడా బయటికి వెళ్ళే దారిని ఎవరో కట్టేశారు. లోపలికి వచ్చేది వదిలేశారు. అందుకే మీకు వాళ్ళు కనిపిస్తున్నారు, వాళ్ళకి మీరు కనిపించట్లేదు. ఇది దానంతటది అయ్యేది కాదు. కూర్చుని, అంకె వేసి, పాస్‌వర్డ్ మార్చి చేసిన పని" అన్నాడు. ఆ తర్వాత, "ఇంట్లో ఇంకెవరు వాడతారు?" అని అడిగాడు.

నీ ఉత్తరాలు మళ్ళీ తీసి చదివాను. 'తొందరపడి ఎవర్నీ ఏమీ అనకు' అన్నావు. ఎవర్ని అనకూడదు? 'ఆ సాఫ్ట్‌వేర్ జోలికి పోకు' అన్నావు. ఎందుకు పోకూడదు? 'బావని ఏమీ అనకు' అన్నావు. అప్పటికి నాకు బావ మీద అనుమానమే లేదు కదా, తప్పు ఆయనదని ఒక్క ముక్క కూడా రాయలేదు కదా!

నువ్వు ఆ పాస్‌వర్డ్ ఇంకెవరికి చెప్పావు? కథలు వద్దు. పేరు రాయి.

చెల్లెలు


డిష్‌ల లోయ

చెల్లీ,

బావకి చెప్పాను. వచ్చేముందే చెప్పాను. ఇంటి యజమాని, ఆ పెద్ద కంప్యూటర్ కూడా ఆయన పని కోసం కొన్నదే. ఆయనకి చెప్పకుండా తాళం ఎలా వేస్తాను?

నువ్వు మొదటి ఉత్తరం రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆయనకి విడిగా రాశాను. అవును నేనే అని ఒప్పుకున్నాడు. వీడియో సగం వెళ్ళి ఆగిపోతుంటే ఖాతాదారులు నోటికొచ్చినట్టు తిడుతున్నారట. నీ కాల్‌ని కాస్త తగ్గించి చూశాడట, తన వీడియోలు సాఫీగా వెళ్ళాయట. సీజన్ అవగానే మళ్ళీ మార్చేస్తాను, దానికి మాత్రం చెప్పొద్దు బావా, గొడవైపోతుంది అన్నాడు. సరే అన్నాను.

నన్ను తిట్టు, పడతాను. కానీ నువ్వూ ఒకటి ఆలోచించు. వీధిలో లైను బాలేదంటే రెండు రోజులు విసుక్కుని ఊరుకుంటావు. మొగుడు చేశాడంటే ఊరుకుంటావా? నీ సంగతి నాకు తెలియదా? నిప్పుకి గాలి ఊదడం దేనికని దాచాను. వైరు మార్చమనీ బీరువా జరపమనీ రాసింది, ఈలోగా ఆయన తనంతట తనే సరిచేస్తాడని. ఒక ఆడపిల్ల ఆసుపత్రి పాలవుతుందని కల గన్నానా?

ఇప్పుడైనా నా మాట విను. నువ్వు ఉగ్రరూపం ఎత్తితే పోయేది నీ సంసారమే. ఆయన చెడ్డవాడు కాదు. మెల్లగా కూర్చోబెట్టి మాట్లాడు. లైను పాడైందని మీ మేడమ్‌కి చెప్పేస్తే విచారణ కూడా అక్కడితో ముగిసిపోతుంది. కాస్త సర్దుకుపో.

అన్నయ్య


లోపలి గది

నీకు,

అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

సర్దుకుపోవాలా? నేను సర్దింది చాలదా? నువ్వు చెప్పావని పెట్టె సర్దాను, వైరు సర్దాను, బీరువా సర్దాను. ఆ బీరువాకి అవతలి పక్క పట్టుకున్న మనిషికి అది దండగ పని అని తెలుసు. జరపమని రాసిన మనిషికీ తెలుసు. మధ్యలో నేనొక్కదాన్నే వెర్రిదాన్ని. మోచెయ్యి దోక్కుపోతే మీ బావ పసుపు రాశాడు కూడా. ఎంత ప్రేమో!

ఒక్కమాట రాసి ఉంటే చాలు కదరా! 'కాల్‌కి పరిమితి ఉంది, బావ పెట్టాడు' అని. ఒక పోస్టుకార్డు సరిపోయేది. సొట్టబుగ్గ ఇవాళ కుట్టు మిషను ముందు కూర్చుని ఉండేది. నా సంసారం చల్లగా ఉండాలని నువ్వు నోరు మూసుకున్నావు, దాని ఖర్చు ఎవరో ఊరూ పేరూ తెలియని ఆడపిల్ల కడుపు మీద వేశావు. ఆకాశంలో ఎక్కడో చప్పుడైతే వినపడుతుంది నీకు. చెల్లెలు ఉత్తరం మీద ఉత్తరం రాస్తే వినపడదు.

మీ బావతో మాట్లాడాను. మెల్లగా కూర్చోబెట్టి కాదు, నిలబెట్టి. కంప్యూటర్ ముందుకి తీసుకెళ్ళి, "తెరవండి" అన్నాను.

"ఏంటి?" అన్నాడు.

"ఆ సాఫ్ట్‌వేర్. అన్నయ్య అంతా రాశాడు. తెరవండి."

పాస్‌వర్డ్ కొట్టాడు. వరసగా ప్రోగ్రాముల పేర్లు. ఆయన వీడియోలు పంపేదాని పక్కన ఏ అడ్డూ లేదు. నా కాల్ పక్కన ఒక బక్కచిక్కిన అంకె. పాత ఫోటో ఒకటి మెల్లగా ఈడ్చుకుంటూ వెళ్ళేంత దారి వదిలాడు నాకు. రెండు చేతులు కదలడానికి ఆ దారి చాలదు.

"ఎందుకు చేశారు?" అన్నాను.

"నా ఫైలు సగంలో ఆగితే మొదట్నుంచీ పంపాలి. నీ కాల్ ఆగితే ఏముంది, మళ్ళీ చేస్తారు. లేకపోతే ఇంకో దుబాసీకి వెళ్తుంది. నీ ఒక్కదానితోనే నడుస్తోందా ఆ ఆఫీసు?" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకుంటావా? అయినా నువ్వే కదా అన్నావు, చేతులు పీకేస్తున్నాయి, అలిసిపోతున్నాను అని. పని తగ్గితే నీకూ కాస్త..."

"సీజన్ అయిపోయి ఎన్నాళ్ళైంది?"

అయిపోయింది అన్నయ్యా, ఎప్పుడో అయిపోయింది. పెళ్ళిళ్ళు లేవు, ఖాతాదారులు లేరు, ఆ అంకె మాత్రం అలాగే ఉంది. ఎందుకుంచావని నిలదీస్తే చివరికి అన్నాడు: "నువ్వు ఇంట్లో ఉంటున్నావు. మనిషివి మనిషిలా కనబడుతున్నావు. బాగుందనిపించింది." నేను ఫిర్యాదు చదివి ఏడుస్తుంటే భుజం మీద చెయ్యేసి ఓదార్చాడే, అప్పుడు కూడా బాగానే ఉందన్నమాట.

అదీ నీ బావ. చెడ్డవాడు కాదన్నావు. నాకు చెడ్డవాళ్ళతోనే బతకడం తేలిక. తిట్టి తలుపేసుకోవచ్చు.

ఆ అంకె తీసేశాను. పాస్‌వర్డ్ మార్చాను. అది ఆయనకి చెప్పను, నీకసలే చెప్పను. ఇద్దరు మగవాళ్ళు తాళంచెవి పంచుకుని నా చేతులకు కళ్ళెం వేశారు. ఇంక చాలు.

లైను పాడైందని మేడమ్‌కి చెప్పమంటావా? నేను దుబాసీని. ఇతరుల మాట ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప ఇంకో పని నేర్చుకోలేదు. నా సొంత మాట తప్పు చెప్పడం మొదలుపెడితే తర్వాత నా చేతుల్ని నమ్మేదెవరు? ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చాను, మా ఇంట్లోనే కట్టేశారని.

నాకు జవాబు రాయకు.


డిష్‌ల లోయ

చెల్లీ,

రాయకు అన్నావు. రాస్తున్నాను. చింపేస్తే చింపెయ్యి.

నీ ఉత్తరం చదివాక పెద్దసారు బల్ల దగ్గరికి వెళ్ళి, ఆయన వింటుండగానే బావకి ఫోన్ చేశాను. నా జన్మలో ఎవరి మీదా అంతలా అరవలేదు. "నా చెల్లెల్ని వెర్రిదాన్ని చేయడానికి నన్ను వాడుకున్నావు, నేనూ వెధవలా వాడబడ్డాను" అన్నాను. ఇంకా చాలా అన్నాను. పెద్దసారు నెమ్మదిగా లేచి బయటికి వెళ్ళిపోయారు.

బావ ఆసుపత్రికి వెళ్ళి ఆ అమ్మాయికి క్షమాపణ చెబుతానన్నాడు. నిజం ఒప్పుకుంటానని మాటిచ్చాడు. ఇది నీ కోపం తీరుస్తుందని కాదు. ఆ అమ్మాయికి జరిగిందేమిటో తెలియాలి కదా.

నేను చేసింది తప్పు. గొడవ కాకూడదని నా చేతులకి మట్టి అంటకుండా చూసుకున్నాను. నీ మంచి కోసమని పైకి చెప్పుకున్నాను.

అన్నయ్య


ఆసుపత్రి వరండా, బెంచీ మీద నుంచి

అన్నయ్యా,

అన్నయ్యా అని రాశానని మురిసిపోకు. నిన్ను క్షమించలేదు. కానీ జరిగింది చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

ముందు ఉద్యోగం సంగతి. నా పేరు కొట్టేయలేదు. ఇంటి నుంచి కాల్స్ మాత్రం ఇంక ఇవ్వరు. నా ఇంటి మీద వాళ్ళకి నమ్మకం లేదు, నాకూ లేదు. సొట్టబుగ్గని చేర్చిన ఈ ఆసుపత్రిలోనే దుబాసీగా వేశారు. రోజూ పొద్దున్నే వచ్చి ఈ బెంచీ మీద కూర్చుంటాను, పిలిచిన వార్డుకి వెళ్తాను. మనుషుల ఎదురుగా నిలబడి సైగ చేస్తుంటే చేతులకి ప్రాణం లేచొచ్చినట్టుంది. మీ బావతో ఇంట్లో మాటల్లేవు. ఉంటానో లేదో ఇంకా తేల్చుకోలేదు. ఆయన మాత్రం నేను ఉంటానని తేలిపోయిందనే అనుకుంటున్నాడు.

ఇక నిన్నటి సంగతి.

మీ బావ వచ్చాడు. సొట్టబుగ్గ ఎడమ పక్కకి తిరిగి పడుకుని ఉంది, కాళ్ళు బాగా వాచి ఉన్నాయి. ఇతను నా భర్త, నీతో మాట్లాడాలట అని చెప్పాను. వేరే దుబాసీని పిలిపించనా అని కూడా అడిగాను. నువ్వే ఉండు అంది. అయితే మా పని కట్టుబాటు ప్రకారమే చేస్తానన్నాను. ఎవరు ఏం మాట్లాడినా దుబాసీ 'నేను' అనే చెప్పాలి. వాళ్ళ 'నేను' నా ద్వారా కూడా 'నేను'గానే వెళ్ళాలి. ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క తీయకూడదు. సొంత మాట చెప్పాల్సి వస్తే ముందు ఇద్దరికీ తెలియజెప్పాలి.

మీ బావ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, జరిగిందానికి చాలా బాధగా ఉంది. మా ఇంట్లో లైను సరిగ్గా లేదు. బాగుచేయాలని నేను చాలా ప్రయత్నించాను. ఎవరి తప్పూ కాదు, మా టైమ్ బాలేదు. క్షమించండి" అన్నాడు.

నీకిచ్చిన మాట అదీ! ఒంట్లో రక్తమంతా ముఖంలోకి వచ్చింది. కానీ కట్టుబాటు కట్టుబాటే. 'మా ఇంట్లో లైను సరిగ్గా లేదు. బాగుచేయాలని నేను చాలా ప్రయత్నించాను.' ఆ అబద్ధాన్ని నా చేతులతోనే, ముక్క తగ్గించకుండా చెప్పాను. ఎవరి తప్పూ కాదు అని కూడా నా చేతులే చెప్పాయి. సొట్టబుగ్గ నా ముఖం వైపు చూసింది. చేతులకీ ముఖానికీ పొంతన లేదని ఆమెకి తెలిసిపోయింది.

చేతులు దించాను. మళ్ళీ ఎత్తి, గట్టిగా పైకి కూడా చెబుతూ, "ఇప్పుడు మాట్లాడేది దుబాసీ" అన్నాను. జరిగిందంతా చెప్పాను. ఎవరు కట్టేశారు, ఎందుకు కట్టేశారు, ఎవరు దాచారు, అంతా. నీ సంగతి కూడా. మీ బావ "ఇదేంటి, ఇక్కడా..." అని లేవబోయాడు. సొట్టబుగ్గ కూర్చోమని వేలు చూపించింది. కూర్చున్నాడు.

ఆమె నా వైపు తిరగలేదు. ఆయన కళ్ళలోకే చూస్తూ చేతులు ఎత్తింది. నేను పక్కన నిలబడి గొంతిచ్చాను.

"నేను ఆమె చేతుల్ని నమ్మి మాత్ర మానేశాను. ఆ చేతుల్ని నువ్వు పట్టుకున్నావు. నీ పెళ్ళి వీడియో ఆగితే మొదట్నుంచి పంపుకుంటావు. నా బిడ్డని నాకు మొదట్నుంచి ఎవరు పంపుతారు? నేను పడిపోయినప్పుడు నా నోట్లోంచి ఏం కేక వచ్చిందో నాకే తెలియదు. పక్క మిషను మనిషి చెప్పింది, కుట్టు కేంద్రమంతా వినపడేలా అరిచావని. నీకు వినపడలేదు. నీకు చెవులుండి ఏం లాభం? లైను పాడైందని నా ముందు కూర్చుని ఆమె చేతులతోనే చెప్పించావే, సిగ్గనిపించలేదా నీకు?"

అక్కడితో ఆమె చేతులు దుప్పటి మీద వాలిపోయాయి.

నా నోరు ఆగలేదు అన్నయ్యా. ఇప్పుడు మాట్లాడేది దుబాసీ అని చెప్పాలని కూడా తట్టలేదు. అదే గొంతులో, అదే ఊపులో వెళ్ళిపోయింది. "నేను ఇంట్లో మనిషిలా కనబడటానికి నా పని చంపాలా? నన్ను ఒక్కసారి అడగడానికి నీకు నోరు రాలేదా? రోజూ నా ముఖం చూసి అబద్ధం చెప్పి, నేను ఏడుస్తుంటే ఓదార్చడానికి నీకు మనసెలా ఒప్పింది? నన్ను ఏమనుకున్నావు?"

మీ బావ తల వంచుకుని ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు. మంచం వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, "తప్పయిపోయిందమ్మా. నువ్వన్న ప్రతి మాటా నిజమే" అన్నాడు, సొట్టబుగ్గతో.

ఆ మాట చేతులతో చెప్పాను. తన చేతులు వాలిపోయాక కూడా నా పెదాలు కదలడం చూసిన ఆమె, కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, నన్ను చూపించింది.

ఆయనకి అర్థం కాలేదు.

"అటు కాదు, ఇటు చూసి చెప్పు. ఆ చివరి మాటలు నావి" అన్నాను.

చెల్లెలు